ఓడిపోయిన వాదన, మింగిన మాత్ర

నాకు ప్రభుత్వం జీతమిచ్చింది మాట్లాడినందుకు. ఈ సంగతి పెళ్ళయిన కొత్తలో మా ఆవిడతో చెబితే నమ్మలేదు. "ఇంట్లో ఊరికే మాట్లాడతారు కదండీ, దానికి అక్కడ డబ్బులిస్తారా?" అంది. నమ్మకం కుదిరాక, ఇంట్లో కాస్త తగ్గించి ఆఫీసు కోసం దాచుకోమని సలహా ఇచ్చింది.

హోదా పేరు ఆరోగ్య బోధకుడు. జనం పెట్టిన పేరు మాత్రల మేష్టారు. తొంభైల చివరి నుంచి రిటైరయ్యేదాకా కోనసీమ ఊళ్ళలో నా పని ఒక్కటే, ఏడాదికోసారి జనం చేత బోదకాలు మాత్రలు మింగించడం. మా వైపు కాలవలకూ మురుగు గుంటలకూ కొదవ లేదు. వాటిలో దోమలు, ఆ దోమల పుణ్యమా అని స్తంభాల్లా వాచిన కాళ్ళు. ఒకసారి బాగా వాచిందా, ఆ కాలు మళ్ళీ మామూలు కాలు కాదు. కాబట్టి వాపు రాకముందే, ఒంట్లో ఏ బాధా తెలియనప్పుడే, ఊరు ఊరంతా మాత్ర వేసుకోవాలి.

ఇందులో ఉన్న తిరకాసు గమనించారా? జబ్బు చేసినవాడి చేత మందు మింగించడానికి మాటలక్కర్లేదు, వాడే అడుగుతాడు. నేను వెళ్ళి శుభ్రంగా భోంచేసి అరుగు మీద కూర్చున్న మనిషితో "మీరు దివ్యంగా ఉన్నారు, కనక మందు మింగండి" అనాలి. ఇది ఒప్పించడం కాదు, దాదాపు దబాయించడం.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న పిల్లలకు ఇప్పుడు శిక్షణలు ఉన్నాయట. ఎదుటివాణ్ణి ఎలా ఒప్పించాలో తెర మీద బొమ్మలు వేసి చూపిస్తున్నారట. చూడండి, మంచిదే. నాకు నేర్పింది మాత్రం ఒక మామ్మగారు, ఒక కత్తిపీట, ఒక నేతగాడు. ప్రమోషన్ల గోల, రిపోర్టుల గోల ఇందులో రాయడం లేదు. అవి చదివితే మీకూ నిద్ర, రాస్తే నాకూ నిద్ర.

అందరూ ఒప్పేసుకునే ఊళ్ళు

వేరే జిల్లాల్లో పనిచేసిన నా స్నేహితులు "జనం తిడుతున్నారు, తలుపులు వేసుకుంటున్నారు" అని వాపోయేవారు. నాకు వాళ్ళను చూస్తే అసూయ. కోనసీమలో ఎవరూ తిట్టరు. మనం మొదటి వాక్యం పూర్తి చేసేలోపే ఒప్పేసుకుంటారు.

"అమ్మా, ఇవి బోదకాలు రాకుండా..."

"ఆయ్. అలాగేనండి. ముందు కూర్చోండి. ఎండన పడి వచ్చేరు."

కూర్చుంటాం. కొబ్బరి బొండం వస్తుంది. బొండం తాగుతూ వాదించడం ఎంత కష్టమో తాగి చూస్తే గానీ తెలియదు. తాగడం అయ్యేసరికి కాఫీ వస్తుంది. మాత్రలు రెండు చేతులతో అందుకుంటారు, కళ్ళకద్దుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. సాయంత్రానికి ఊరంతా తిరిగి, నేను పుట్టుకతోనే వక్తనని నమ్ముతూ ఇంటికి వెళ్ళేవాణ్ణి.

మరుసటి ఏడు ముక్తేశ్వరం వైపు ఒక వేదపండితుల ఇంటికి మళ్ళీ వెళ్ళాను. ఆ ఇంటి మామ్మగారు నన్ను చూడగానే లోపలికి వెళ్ళి మూత బిగించిన గాజు సీసా ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. అందులో కిందటేడు నేనిచ్చిన మాత్రలు.

"చూసుకోండి నాయనా. తమరిచ్చినవన్నీ ఉన్నాయి. తేమ తగలకుండా ఊరగాయ జాడీల పక్కన పెట్టేను. ఒక్కటి పోలేదు."

"వేసుకోలేదా మామ్మగారూ?"

ఆవిడ నావైపు జాలిగా చూశారు. "ప్రభుత్వం వారి సొత్తు కదా నాయనా. మళ్ళీ మీరొచ్చి అడిగితే నేనేం చెప్పనూ?"

"మరి వేసుకోమంటే అలాగేనన్నారు కదండీ!"

"గుమ్మంలోకొచ్చిన మనిషిని కాదంటామా ఎక్కడైనా?"

మాత్రలను అంత భద్రంగా మా గోడౌనులో కూడా ఎవరూ దాచలేదు. నేను కాఫీ తాగి వచ్చేశాను. దారిలో సైకిలు తొక్కుతూ లెక్క వేసుకుంటే, కిందటేడు నన్ను ఆదరించిన ప్రతి ఇంట్లోనూ ఒక సీసా కనబడటం మొదలైంది.

కనక పిల్లలూ, నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇది. కాదన్నవాడు మనకు సగం దూరం ఎదురొచ్చినట్టు. సరేనన్నవాడు ఇంకా ఇంట్లోంచి బయల్దేరలేదు. మీ మాటకు అందరూ తలూపుతున్నారంటే సంబరపడకండి, మీరు అతిథులుగా ఉన్నారని తెలుసుకోండి.

దోమ గుర్తు

నా మొదటి బాసు పెద్ద డాక్టరుగారు. మంచి మనిషి, మహా విద్వాంసుడు. ఆయనకు ఒక్కటే బలహీనత, గ్రాంథికం. మామూలుగా మాట్లాడుతున్న మనిషి కలం పట్టుకుంటే చాలు, పూనకం వచ్చేది. కరపత్రం తనే రాస్తానని పట్టుబట్టి రాశారు. పైన అరచేతి మందాన దోమ బొమ్మ. దాని కింద:

"ప్రజలారా! మేల్కొనుడు! మీ భవిష్యత్తు మీ హస్తములయందే కలదు! ఈ మాసాంతపు ఆదివారమున ఎల్లరూ తరలివచ్చి మీ కర్తవ్యమును నెరవేర్పుడు!"

మాత్ర అన్న మాట వెనక పేజీలో, చివరి పేరాలో, ఆడ క్యూలెక్సు దోమ వంశవృక్షం పూర్తయ్యాక వస్తుంది.

అవి పంచాయితీ ఎన్నికల రోజులు. రాజోలు సెంటర్లో టీ బడ్డీ దగ్గర కరపత్రాలు పంచి, జనం ఏమనుకుంటున్నారో విందామని ఓ మూల నిలబడ్డాను. ఒకాయన కాగితం అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, మర్యాదగా నా దగ్గరికి వచ్చాడు.

"ఏవండీ, దోమ గుర్తు మీద ఎవరండీ నిలబడ్డారు?"

"ఎన్నికలకు కాదండీ, ఇది ఆరోగ్యం గురించి."

"ఆయ్, అందరూ అలాగే చెప్తారండి." పక్కనున్నవాళ్ళను కూడా పిలిచాడు. "ఇండిపెండెంటనుకుంటానండి. పాపం మనిషిని చూస్తే మంచివాడిలా ఉన్నాడు." తర్వాత నా చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పాడు. "మీరు బెంగ పెట్టుకోకండి. మా ఇంట్లో ఓట్లన్నీ దోమకేనండి."

ఈ సంగతి పెద్ద డాక్టరుగారికి చెబితే, భాష స్థాయి అందుకోలేని జనం మీద కాసేపు విచారించి, రెండో కూర్పులో దోమ బొమ్మ చిన్నది చేయించారు. ఎన్నికల్లో ఓడిపోతామని భయం కాబోలు.

మూడో కూర్పు నా చేతికి వచ్చింది. రాసుకుని వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని కంద తరుగుతోంది. "ప్రియమైన గ్రామస్థులకు విజ్ఞప్తి" అన్నప్పుడు కత్తిపీట చకచకా నడుస్తోంది. "ఆరోగ్యమే మహాభాగ్యం" అంటే ఇంకా వేగం పెరిగింది. "కాలు వాచాక మందు లేదు, వాచకముందే ఉంది" అన్నచోట మాత్రం చెయ్యి ఆగింది.

"అంటే మనం కూడా వేసుకోవాలేంటండీ?" అంది.

కత్తిపీట ఆగిన వాక్యాలు ఉంచాను, ఆగనివి కొట్టేశాను. మిగిలినవి నాలుగైదు ముక్కలు. ఆ పద్ధతిని మించింది తర్వాత నాకు దొరకలేదు. మీరు రాసింది మీకు నచ్చిందా లేదా అన్నది ఎవరికీ అక్కర్లేదు. పని చేసుకుంటున్న మనిషి చెయ్యి ఆగిందా లేదా, అంతే చూసుకోండి. ఆగనిచోట ఎంత అందంగా రాసినా అది మన ముచ్చటే.

బొమ్మ చూపించిన రోజు

ఇక్కడి నుంచి చెప్పేదంతా ఒకే ఊరి కథ. బండారులంకకు దగ్గర్లో ఒక నేత ఊరు, పేరు చెప్పను. వీధి పొడుగునా గుంటమగ్గాలు. నేసే మనిషి నడుము దాకా గుంటలో దిగి, కాళ్ళతో కింది చెక్కలు తొక్కుతూ నేస్తాడు. గుంటలో చీకటి, చెమ్మ, దోమలు. బోదకాలుకు అంతకన్నా అనువైన చోటు లేదు, అక్కడ కాలు చెడితే ఆ మనిషికి బతుకుతెరువే లేదు. ఆ వీధికి పెద్ద వీర్రాజుగారు. ఆయన ఏ పని చేస్తే వీధి ఆ పని చేస్తుంది. నేను వెళ్ళినప్పుడల్లా "ఆయ్, అలాగేనండి" అని మజ్జిగిచ్చి పంపించేవారు. వీధంతా కూడా అలాగేనని మజ్జిగిచ్చేది.

జనానికి భయం లేకపోవడమే లోపమని పెద్ద డాక్టరుగారు తేల్చారు. ఎక్కడి నుంచో పెద్ద బొమ్మల పటం తెప్పించారు. అందులో చివరి బొమ్మ బాగా ముదిరిన బోదకాలు, రంగుల్లో. నేతగాళ్ళ సొసైటీ అరుగు మీద సభ పెట్టి, ఆయనే కర్ర పట్టుకుని ఒక్కో బొమ్మా తిప్పుతూ వచ్చారు. చివరిది తిప్పి, "చూడుడు! ఇట్టి దుస్థితి మీకు కావలెనా?" అన్నారు.

ముందు వరసలో వీర్రాజుగారి తల్లి కూర్చుని ఉంది. ఆవిడది అదే కాలు. ఎన్నో ఏళ్ళ నుంచి అదే కాలు. ఆవిడ చీర కుచ్చిళ్ళు లాగి కాలు మీద కప్పుకుంది. కప్పితే దాగే కాలు కాదు. ఒక నిమిషం చూసి, లేచి, గోడ పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ వీధి చివర ఇల్లు చేరేదాకా సభంతా అటే చూస్తోంది. వీర్రాజుగారు తలవంచుకుని కూర్చున్నారు.

నాకు ఆ రోజు డాక్టరుగారి మీద వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. ఆయన బతికుంటే మొహం మీదే అనేవాణ్ణి. భయపెట్టే వాదన ఎప్పుడూ తగలవలసిన వాడికి తగలదు. రోగం రానివాడు 'నాకెందుకొస్తుందిలే' అనుకుంటాడు, వచ్చినవాడు తలెత్తుకోలేడు. మీ దగ్గర కూడా ఇలాంటి బొమ్మలు ఉంటాయి. చూపించే ముందు సభలో ఎవరెవరు కూర్చున్నారో ఒకసారి చూసుకోండి.

ఆ తర్వాత కూడా వీర్రాజుగారు మజ్జిగ ఇచ్చారు, అలాగేనన్నారు. కానీ కూర్చోమనేవారు కాదు.

వేసుకోనండి

పెద్ద డాక్టరుగారు బదిలీ అయ్యాక కడప వైపు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, పెద్ద గొంతు, మొహమాటం అనేది ఆవిడ చదువుకున్న పుస్తకాల్లో లేదు. నేను మా ఊళ్ళ మర్యాద గురించి వివరించబోతే, "అదంతా నాకెందుకు సార్? వేసుకుంటారా, వేసుకోరా?" అంది.

మొదటి రోజే వీర్రాజుగారి ఇంటికి తీసుకెళ్ళాను. ఆయన అలవాటుగా అలాగేనన్నారు.

"అలాగే అంటే? ఇప్పుడే నా ముందర వేసుకోండి."

"ఇప్పుడంటే... భోజనం అవ్వాలి కదమ్మా."

"ఇప్పుడే కదా చెయ్యి కడిగినారు. తడి కూడా ఆరలేదు."

"మంచినీళ్ళు..."

డాక్టరమ్మ పక్కనున్న గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టింది. మాత్రలు రెండో చేతిలో పెట్టింది. నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. వీర్రాజుగారు గ్లాసు వైపు చూశారు, మాత్రల వైపు చూశారు, నావైపు 'ఏమిటండీ ఈ అన్యాయం' అన్నట్టు చూశారు. చివరికి ఆయన నోట్లోంచి ఒక మాట ఊడిపడింది.

"వేసుకోనండి!"

ఆ మాటకు ముందుగా ఉలిక్కిపడింది ఆయనే. లోపల్నుంచి ఆయన భార్య, ఎవరికో ఏదో అయిందన్నట్టు పరిగెత్తుకొచ్చింది. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక కోనసీమ మనిషి నాతో కాదనడం అదే మొదలు.

"ఎందుకండీ?" అన్నాను, ఎక్కడ మళ్ళీ అలాగేనంటారోనని భయపడుతూ.

ఇక ఆగలేదు. "మీరు మొదటిసారి ఇచ్చిన ఏడు ఈ వీధిలో మాత్ర వేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనండి. పెద్దవారు ఇంతలా చెబుతున్నారు గదా అని వేసుకున్నాను. మర్నాడు ఒళ్ళు తెలీని జ్వరమండి. మగ్గం మూలపడింది. వేసుకోనోళ్ళంతా శుభ్రంగా ఉన్నారు, వేసుకున్న నేను పడ్డాను. మరేటనుకోవాలండీ?"

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఇంటికొచ్చిన మనిషి పెట్టింది తిని జబ్బు చేసిందని మొహం మీద ఎలా చెప్తామండీ?"

చూశారా, ఎంత చక్కటి వాదనో. కళ్ళతో చూసింది, ఒంటితో అనుభవించింది. దీనికి జవాబు చెప్పకుండా నేను ఇన్నేళ్ళూ ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటూ తిరిగాను. వీధంతా ఎందుకు వేసుకోవడం లేదో కూడా తెలిసిపోయింది.

"ఈ మాటే ఊరందరి ముందూ చెప్పండి. నేను నా మాట చెబుతాను. ఎవరిది నిజమో వాళ్ళే తేల్చుకుంటారు," అన్నాను.

"అంటే మీకు ఎదురు మాట్లాడమంటారా? మీరు మా ఇంటికొచ్చిన మనిషి కదండీ."

"అందుకే మీ ఇంట్లో వద్దు, సొసైటీ అరుగు మీద. అది ఎవరి ఇల్లూ కాదు. అక్కడ నేను చుట్టాన్నీ కాదు."

ఆయన మొహం విప్పారింది. "అయితే మొహమాటపడక్కర్లేదేటండీ?"

"అస్సలు అక్కర్లేదండీ."

అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

అమావాస్య సభ

అమావాస్య నాడు మగ్గాలకు సెలవు. పొద్దున్నే అరుగు మీద, అరుగు కింద, ఎదురింటి మెట్ల మీద జనం. సభ మొదలయ్యే ముందు ఆ ఊరి నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"వీర్రాజుగారి అమ్మాయి దుర్గ ఉంది కదండీ. ఈమధ్య తరచు గజ్జలో బిళ్ళకట్టి చలిజ్వరం వస్తోందండి. కాలు లాగుతోందంట. ఇంట్లో ఆడాళ్ళకే తెలుసు. ఆయనకి ఉత్త నలతనే చెప్పేరు."

బోదకాలు అలాగే మొదలవుతుంది. దుర్గకు అప్పటికి పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి, తండ్రి పక్క మగ్గం తనదే. ఇప్పుడు వైద్యం మొదలుపెడితే కాలు దక్కవచ్చు. ఇంకో ఏడాది ఆగితే ఏమవుతుందో వాళ్ళ నాయనమ్మను చూస్తే తెలుస్తుంది.

సభ మొదలైంది. నేను దోమ, పురుగు, మాత్ర అంటూ నా కత్తిపీట వాక్యాలన్నీ చెప్పాను. బాగానే మాట్లాడాననుకున్నాను. తర్వాత వీర్రాజుగారు లేచి, కండువా దులిపి, నాకు దణ్ణం పెట్టి మొదలుపెట్టారు. గోదావరి వాళ్ళకు మొహమాటం తీసేస్తే మిగిలేది వెటకారం. నిన్నటిదాకా మజ్జిగిచ్చిన మనిషేనా అనిపించింది.

"మేష్టారూ, కుట్టింది ఎవరండీ? దోమ. మింగేది ఎవరండీ? మేం. దొంగని వదిలేసి సొమ్ము పోయినోణ్ణి జైల్లో పెట్టినట్టు లేదేటండీ?"

అరుగంతా గొల్లుమంది.

"ఇంకోటండి. రోగం లేనోడు మందు మింగాలంటారు. రోగమున్న మా అమ్మకేమో ఇంక నయం కాదంటారు. అంటే నయమయ్యేవాడికి రోగం లేదు, రోగమున్నోడికి నయం కాదు. మరి ఈ మాత్ర ఎవరికండీ? మీకేనా?"

నవ్వలేక చచ్చారు జనం. నాకు కూడా నవ్వొచ్చింది, ఆపుకోవడానికి చేతిరుమాలు తీశాను. జవాబు చెబుదామని లేచినప్పుడల్లా ఆయన ఇంకోటి వదిలేవారు. చివరికి తన జ్వరం కథ చెప్పి, "వేసుకోనోళ్ళలో ఒక్కరికైనా జ్వరమొచ్చిందేమో చెప్పమనండి," అని కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడు నాకు దుర్గ కనబడింది. సొసైటీ తలుపు వారగా, ఒక కాలి మీద బరువు వేసి నిలబడి నవ్వుతోంది. 'మీ అమ్మాయి మాత్ర వేసుకోలేదు కదండీ, మరి ఆ పిల్లకు జ్వరమెందుకొస్తోంది?' అన్న ప్రశ్న నా నాలుక చివరికి వచ్చేసింది. అడిగితే వాదన అక్కడితో సరి. అంత మంచి జవాబు నా జీవితంలో మళ్ళీ దొరకలేదు.

అడగలేదు. పెళ్ళి కావలసిన పిల్ల, చెప్పుకోలేని చోట బాధ. ఊరి మధ్యలో తండ్రి నోరు మూయించడానికి దాన్ని వాడుకుంటే సభ నాది అవుతుంది, పిల్ల కాలు మాత్రం నాశనమవుతుంది. వీధి ముందు ఓడిపోయిన వీర్రాజుగారు ఇక ఏ జన్మలోనూ ఆ మాత్రను గుమ్మం తొక్కనివ్వరు.

"మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదండీ," అని కూర్చున్నాను.

ఈలలు, చప్పట్లు. డాక్టరమ్మ నన్ను చూసిన చూపు చెప్పను. "ఇంత దూరం పిలుచుకొచ్చి ఓడిపోతారా సార్?" అంది, అందరికీ వినబడేలా.

భోజనం

గెలిచిన వీర్రాజుగారు జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఎక్కువ అనేశానేమోనని ఆయన మొహంలో దిగులు.

"ఏమీ అనుకోకండి మేష్టారూ. మీరూ బాగా మాట్లాడేరండి. రండి, భోంచేసి వెళ్ళాలి. ఓడించి పస్తు పంపిస్తే మా వీధికి మంచిది కాదండి."

ఇంతకు ముందు కూర్చోమనని మనిషి, ఆ రోజు పీట వేసి పక్కన కూర్చుని కందా బచ్చలి కూర కొసరి కొసరి వడ్డించారు. ఓడినవాడికి జరిగే మర్యాద గెలిచినవాడికి ఎన్నడూ జరగదు, రాసిపెట్టుకోండి. భోజనం అయ్యాక డాక్టరమ్మ లోపల ఆడవాళ్ళ దగ్గర కూర్చుంది. నేను ముందే చెవిలో వేశాను కనక ఏం చూడాలో ఆవిడకు తెలుసు. నేనూ వీర్రాజుగారూ బయట అరుగు మీద మిగిలాం.

"ఒక్క మాట అడుగుతానండీ. సభ అయిపోయింది, ఇది వాదన కాదు. మాత్ర వేసుకుంటే మీకు జ్వరం వచ్చింది. దుర్గ వేసుకోలేదు కదా. మరి దుర్గకెందుకొస్తోంది?"

ఆయన వక్క నములుతున్న నోరు ఆగిపోయింది. "ఎవరు చెప్పేరండీ?"

"నర్సమ్మ. గజ్జలో బిళ్ళ కూడా కడుతోందట."

వక్క పక్కకు ఉమ్మేశారు. తర్వాత చాలా మెల్లగా అన్నారు. "మా అమ్మక్కూడా అలాగే మొదలైందండి. నాకు బాగా గుర్తు."

అప్పుడు చెప్పాను. ఒంట్లో పురుగు ఉన్నవాళ్ళకు, మాత్ర వేసుకున్నాక అది చచ్చేటప్పుడు జ్వరం రావచ్చని, ఆయనకు వచ్చింది బహుశా అదేనని. మందు పట్టినందుకు వచ్చిన జ్వరమే గానీ విషం వల్ల కాదని. ఇంతలో డాక్టరమ్మ బయటికి వచ్చింది. "ఇప్పుడు జ్వరం లేదు. ఈ పూటే మొదలుపెడదాం. కాలు ఇంకా బాగానే ఉంది," అంది. ఆవిడ గొంతు మొదటిసారి చిన్నదిగా వినిపించింది.

"మా దుర్గకీ జ్వరమొస్తాదేటండీ?"

"రావచ్చు, రాకపోవచ్చు," అంది డాక్టరమ్మ.

వీర్రాజుగారు లేచారు. కండువా భుజాన వేసుకుని వీధిలోకి నడిచారు. జనం ఇంకా అరుగు దగ్గరే ఉన్నారు, ఆయన వెటకారాలు ఒకరికొకరు మళ్ళీ చెప్పుకుంటున్నారు.

"ఏవండోయ్! పొద్దున్న గెలిచిందెవరండీ?"

"మీరేనండి!"

"అయితే నా మాట వినాలా, మేష్టారి మాట వినాలా?"

"మీదేనండి!"

"మాత్రలేసుకోండి."

వీధి వీధంతా నోరు తెరిచింది. ఎవరో వెనకనుంచి, "పొద్దున్న వద్దన్నారు కదండీ?" అన్నారు.

"పొద్దున్న వాదించేనండి. ఇప్పుడు చెబుతున్నాను."

ఇంత గొప్ప వాక్యం పెద్ద డాక్టరుగారు జన్మలో రాయలేరు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఆయన ఇంకా ఊపులో ఉన్నారు. "ముందు మా దుర్గ వేసుకుంటాదండి. రేపు దానికి జ్వరమొస్తాది. వస్తే మందు పనిచేసినట్టు. రాలేదనుకోండి, మాత్రలన్నీ కాలవలో పొయ్యండి!"

డాక్టరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రావచ్చు అన్నాను కదా సార్! వస్తుందని ఎవరు చెప్పినారు?"

మనం 'రావచ్చు' అని చెప్పి పంపిస్తే, వీధి చివరికి వెళ్ళేసరికి అది 'వస్తుంది' అయి కూర్చుంటుంది. మీ మాట ఇంకొకరి నోట బయల్దేరిన రోజు ఇది కాచుకుని ఉంటుంది, జాగ్రత్త. ఆపడానికి మాత్రం టైము లేకపోయింది. దుర్గ అందరి ముందూ మాత్రలు నోట్లో వేసుకుని, గ్లాసెత్తి మంచినీళ్ళు తాగేసింది. తండ్రి ఆ గ్లాసు అందుకుని అలాగే పట్టుకుని నిలబడ్డారు.

జ్వరం

కథలు రాసేవాళ్ళయితే దాచాలి గానీ, ఉద్యోగం గురించి చెప్పేవాడు దాచకూడదు. దుర్గ కాలు వాయలేదు. వైద్యం పూర్తిగా చేయించుకుంది, ఇప్పటికీ రెండు కాళ్ళతో మగ్గం తొక్కుతోంది. ఆ వీధి మాత్రలు కాలవలో పొయ్యలేదు, మింగింది. కానీ ఇవేవీ ఆ మర్నాడు పొద్దున్న మాకెవరికీ తెలియవు.

ఆ పొద్దున్న నేనూ డాక్టరమ్మా ఆసుపత్రిలో ఫోను ఎదురుగా కూర్చున్నాం. ఇద్దరం చదువుకున్నవాళ్ళం, ఆరోగ్య శాఖ వాళ్ళం. ఒక ఆడపిల్లకు జ్వరం రావాలని దేవుళ్ళకు మొక్కుకుంటున్నాం. పైకి ఇద్దరం దస్త్రాలు చూస్తున్నట్టు నటించాం.

ఫోను మోగింది. నేనే ఎత్తాను.

"మేష్టారండీ! వచ్చిందండీ!" వీర్రాజుగారి గొంతు. "తెల్లవారుజామున మొదలైందండి. ఒళ్ళు కాలిపోతోంది! వీధంతా మా అరుగు మీదే ఉందండి. ఒక్కొక్కళ్ళూ వచ్చి నుదురు ముట్టుకుని చూసెళ్తున్నారు. మాత్రలిమ్మని నర్సమ్మని పీక్కుతినేస్తున్నారండి!"

వెనక నుంచి జనం గోల, ఎవరో పెద్దగా నవ్వడం వినిపిస్తున్నాయి. నేను కూడా నవ్వాను. డాక్టరమ్మకు బొటనవేలు ఎత్తి చూపించాను. కూతురికి జ్వరమొచ్చిందని అంత సంబరంగా చెప్పిన తండ్రి ఇంకొకడు ఉండడు.

తర్వాత ఫోనులో గోల తగ్గింది. రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టున్నారు. ఈసారి మాట్లాడింది సభలో గెలిచిన మనిషి కాదు.

"మేష్టారూ... తగ్గుద్ది కదండీ?"

జీవితమంతా మాటలతో బతికినవాణ్ణి. అది వాదనతో తీరే ప్రశ్న కాదు. తలెత్తి చూస్తే డాక్టరమ్మ అప్పటికే సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"బయల్దేరుతున్నామండీ," అన్నాను.